పాముల గద్ద, మా అత్తమ్మ శనివారాలు

చెరువు విడిచి గరుడపక్షి వెళ్లిపోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది చేపలమ్మే అవ్వ. మా ఇంట్లో చేపలు వండరు. అయినా ఆమె మా వీధికి వచ్చినప్పుడల్లా మా గుమ్మం ముందు గంప దించి మంచినీళ్లు అడిగేది. ఆ రోజు గంప లేకుండా వచ్చింది. నేను చెంబుతో పోస్తుంటే దోసిలి పట్టి తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇగ నేను రానే పిల్లా. చెరువుల బురద సుత ఎండింది. నాకు గంప లేదు, మీ అత్తకు గరుడ లేదు. ఇద్దరికీ ఒక్కనాడే పొట్ట మాడింది" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మర్నాడే శనివారం.

మా అత్తమ్మకు ఒక నియమం ఉండేది. శనివారం పొద్దున్నే తలస్నానం చేసి దీపం పెట్టాక, గరుడ దర్శనం అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. మా ఆయన చంటిపిల్లవాడిగా ఉన్నప్పుడు వారం రోజులు జ్వరంతో కన్ను తెరవలేదట. ఒక శనివారం ఆమె పిల్లవాణ్ని ఒళ్లో వేసుకుని, ఏడుపు కూడా రాక, వాకిట్లో ఊరికే కూర్చుని ఉంటే గరుడ వచ్చి ఇంటి మీద మూడు చుట్లు తిరిగిందట. పిల్లవాడు కన్ను తెరిచి పాలకోసం ఏడ్చాడట. ఆనాటి నుంచి ఆ నియమం. దాన్ని మొక్కు అంటే ఒప్పుకునేది కాదు. "మొక్కైతే ఒకనాడు తీరిపోతది. గిది తీరేది గాదు" అనేది.

చెరువు నిండుగా ఉన్నన్నాళ్లు అదేమంత కష్టమైన నియమం కాదు. మా నేతగాళ్ల వీధి చెరువు కట్ట వెనకే ఉండేది. మోత్కూరు అంగడికి పోయే బండ్ల బాట ఒకవైపు, చెరువు ఒకవైపు. ఎండ కాస్త ఎక్కగానే గరుడ కట్ట మీదుగా వచ్చేది. అత్తమ్మ కళ్లకు అప్పటికే పొర కమ్మింది. అయినా తల ఎత్తి చేతులు జోడించేది, చెంపలు వేసుకునేది, "ఇగ పెట్టు బిడ్డా" అనేది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఆ మాట వినడమే పండగగా ఉండేది. ఎందుకంటే అత్త తినకముందు కోడలు తినకూడదని మా అమ్మ నాకు నేర్పి పంపింది. ఎవరూ అడగకపోయినా నేను ఆ మాట తప్పలేదు.

ఆ ఏడు, దాని ముందటేడు వానలు లేవు. కార్తీకం వచ్చేసరికి చెరువు నెర్రెలు వారింది. నాకు అప్పుడు నాలుగో నెల.

మొదటి శనివారం అత్తమ్మ ఆదివారం తెల్లవారేదాకా పస్తు ఉన్నది. "నువ్వు తినే పిల్లా, వట్టి మనిషివి గావు" అని నాలుగుసార్లు చెప్పింది. "నువ్వు తినకుండ నేనెట్ల తినాలె అత్తమ్మా" అన్నాను. రెండో శనివారం మధ్యాహ్నం కండెలు చుడుతుంటే కళ్లు తిరిగి రాట్నం మీదికి ఒరిగాను. మా ఆయన మగ్గం గుంటలోంచి ఒక్క గెంతున బయటికి వచ్చాడు. అత్తమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని నుదురు నిమురుతూ కూర్చుంది. ఆమె మాత్రం ఏం చేయగలదు? కొడుకు ప్రాణం ఇచ్చిన దేవుడికి ఇచ్చిన మాట ఒకవైపు, ఆ కొడుకు బిడ్డ ఒకవైపు.

మూడో శనివారం దేవుడు దయ చూపాడనుకున్నాను. ఆ పొద్దున బజారులో పడుగు దారాలు చాచి గంజి పట్టిస్తున్నాం. ఆ పని ఒక ఇంటివాళ్లతో అయ్యేది కాదు. చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లు చేయి వేయాలి. ఎండ ముదరకముందే దారాలు విడివిడిగా ఆరాలి. అందుకే అందరం వీధిలోనే ఉన్నాం. అప్పుడు బంజరు వైపు నుంచి ఒక పెద్ద పక్షి వచ్చింది. రెక్కలు చాపి, కదలకుండా, మా పడుగు మీదుగా పోయింది. కింద తెల్లగా మెరుస్తోంది. దాని నోట్లోంచి పాము తోక వేలాడుతూ తిరుగుతోంది.

"అత్తమ్మా! గరుడ! పామును పట్టుకొచ్చింది!" అని నేను కేక పెట్టాను.

నేను బడికి పోయి చదువుకోలేదు. మా బాపు మగ్గం నేస్తూ, గుంట గట్టున నన్ను కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించాడు. మా పుట్టింట్లో ఉన్నవన్నీ దేవుడి పుస్తకాలే. గరుత్మంతుడు పాములకు పగవాడని, వాటిని తన్నుకుపోతాడని నేను పదేళ్ల వయసుకే గొంతెత్తి చదివి అందరికీ వినిపించిన దాన్ని. పామును మోసుకుపోయే పక్షి గరుడ కాక ఇంకేమవుతుంది? వీధంతా గంజి చేతులతోనే దండం పెట్టింది. ఎదురింటి వదినెకు నుదుటి మీద గంజి పట్టీలు పడ్డాయి. అత్తమ్మ ఆకాశం వైపు ముఖం తిప్పి ఒక క్షణం అలాగే నిలబడింది. తర్వాత చేతులు జోడించింది. "పెట్టు బిడ్డా" అంది. ఆ రోజు తిన్నంత జొన్నరొట్టె నేను ఎన్నడూ తినలేదు.

సోమవారం మంచినీళ్లకు మోటబావికి వెళ్లాను. ఊళ్లో బావి అడుగంటితే అందరం అక్కడికే పోయేవాళ్లం. ఆ బావి కింద నాలుగు మళ్ల జొన్న మాత్రం బతికి ఉంది. దానికి పిట్టల కావలి ఒక ముసలాయన. సొంత భూమి లేని, ఊరి బయటి వాడలో ఉండే ఇంటివాడు. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా మంచె మీద నిలబడి, వడిసెలతో రాళ్లు విసిరి పిట్టలను అదిలించడం ఆయన పని. నేను తాతా అని పిలిచేదాన్ని. సంతోషం ఆగక ఆయనకూ చెప్పాను.

"తాతా, శనివారం మా బజార్ల గరుడ వచ్చింది!"

"ఏడిది? చెరువుల నీళ్లే లేకపాయె."

"పామును నోట కరుచుకొని, తెల్లగ మెరుసుకుంట పోయింది తాతా. అందరం చూసినం."

ఆయన మంచె గుంజ పట్టుకుని పడీపడీ నవ్వాడు. "ఓ బిడ్డా! అది పాముల గద్ద! గరుడ కానే కాదు. బజారు బజారంత దానికే మొక్కిన్రా?"

నాకు కోపం వచ్చింది. "పాములను తినేది గరుడే గద. నేను చదువుకున్న."

"నీ పుస్తకంల ఉన్నది పెద్ద దేవుని గరుడ. దానికేం, ఏమన్న తింటది. మన చెరువు గరుడకు చేపలు, ఎండ్రకాయలు గావాలె. నీళ్లు లేకుంటే అదెట్ల బతుకుతది? సరే, తెల్లగున్నది అన్నవ్. తెలుపు ఏడున్నది?"

"కింద."

"తల?"

నేను గుర్తు తెచ్చుకున్నాను. తల, మెడ ముదురు రంగులో ఉన్నాయి. గుడ్లగూబకున్నంత పెద్ద తల. ఆ మాటే చెప్పాను.

"అగో, చూసినవా? గరుడకు తల తెలుపు, రొమ్ము తెలుపు, పొట్ట, రెక్కలు ఇటుక రంగు. దీనికి తల నలుపు, పొట్ట తెలుపు. నువ్వు తెలుపును చూసినవ్, తెలుపు ఏ జాగల ఉన్నదో చూడలే."

బిందె బావి గట్టున పెట్టి అలాగే కూర్చుండిపోయాను. నా నోటి మాట నమ్మి అత్తమ్మ నియమం తప్పింది. ఆయన నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. తెల్వక చేసింది తప్పెట్లయితది?" అన్నాడు. కానీ ఇప్పుడు నాకు తెలిసింది కదా.

ఆ వారం నుంచి బావికి వెళ్లినప్పుడల్లా ఆయన నాకు ఆకాశం చదవడం నేర్పాడు. మా బాపు తర్వాత నాకు గురువు ఆయనే అని ఈనాటికీ దేవుడి ముందు చెప్పుకుంటాను. మొట్టమొదట తోక చూడమనేవాడు. తోక చీలి ఉంటే అది ఊళ్లో తిరిగే గద్ద, కోడిపిల్లల దొంగ. జొన్న చేను మీద చేతికందేటంత కిందుగా, రెక్కలు కొంచెం పైకెత్తి అటూ ఇటూ ఒరుగుతూ పోయేది పిల్లి గద్ద. అది చలికాలం చుట్టం, ఎండలు ముదిరితే ఉండదు. జాలె డేగ చెట్టు కొమ్మల నడుమ నుంచి బాణంలా వచ్చి పిచ్చుకను ఎత్తుకుపోతుంది. అది వస్తే ఆయన వడిసెల కింద పెట్టేవాడు. "ఆయన సుత కావలోడే. నా పని ఆయన చేస్తుంటే నేనెందుకు రాళ్లు విసరాలె?" అనేవాడు.

అన్నిటికంటే నాకు నచ్చినది తుమ్మచెట్టు చిటారు కొమ్మన కూర్చునే చిన్న తెల్ల గద్ద. భుజాల మీద నల్లటి మచ్చ, ఎర్రటి కళ్లు. అది ఎలుక కోసం గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడిపోయేది.

"దాని పేరు అడవి రామదాసు" అన్నాడు ఆయన.

"ఆ పేరెందుకు తాతా?"

"కదలకుంట నిలవడి జపం చేస్తలేదా? కండ్లు ఎర్రబడేదాక చేస్తది. ఆనక ఎలుకను మింగుతది. మీ గుళ్లె అయ్యవారు ప్రసాదం మింగినట్టు."

నేను చెంపలు వేసుకుంటూనే నవ్వాను. దేవుడు కూడా నవ్వి ఉంటాడు. ఆ కరువులో బంజరు మీద ఎడ్లు పడి చనిపోయేవి, రాబందులు గుంపులుగా దిగేవి. అవి దిగినప్పుడు మాత్రం ఆయన పాఠం చెప్పేవాడు కాదు. ముఖం అటు తిప్పుకుని, "ఆ ఎడ్లను నేను దూడలప్పటి సంది ఎరుగుదు" అన్నాడు ఒకసారి.

నాలుగో శనివారం పాముల గద్ద మళ్లీ వచ్చింది. అదే వేళకు, బంజరు మీద. నేను దాని తల చూశాను, పొట్ట చూశాను. నాకు ఏ అనుమానమూ లేదు. అత్తమ్మ వాకిట్లోంచి అడిగింది.

"వచ్చిందా పిల్లా?"

పొట్టలో బిడ్డ కదలడం మొదలుపెట్టిన రోజులవి. పొద్దుటి నుంచి ఆకలి ఆగడం లేదు. "వచ్చింది అత్తమ్మా" అన్నాను. ఆమె చేతులు జోడించింది. ఇద్దరం తిన్నాం. ఆ సాయంత్రం దీపం పెట్టడానికి చేయి రాలేదు, ఒంట్లో బాగా లేదని చెప్పి తప్పించుకున్నాను. వారమంతా అదే బాధ. ఆమె కళ్లు కనపడవని నా కళ్లను నమ్మింది, నేను ఆ కళ్లతోనే మోసం చేశాను.

ఐదో శనివారం ఆమె అడగకముందే పాదాల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. మొదటిసారి తెలియక అన్నదీ, రెండోసారి తెలిసి అన్నదీ.

అత్తమ్మ నా చేయి వెతికి పట్టుకుంది. "నాకు ఎరుకనే" అంది.

"ఎట్ల ఎరుక అత్తమ్మా?"

"నా కండ్లకు పొర వచ్చింది, చెవులకు రాలే. ఇరువై ఏండ్ల సంది వింటున్న, గరుడ కూత నాకు తెల్వదా? మీదికెళ్లి పోయేటప్పుడు సన్నగ పసిపిల్ల ఏడ్చినట్టు అరుస్తది. నువ్వు చూపించింది నోరిప్పలే."

"మరెందుకు తిన్నవ్?"

"నేను తినకుంటే నువ్వు తింటవా? మొండిదానివి! నియమం నాది, పస్తు నా మనుమనికా? రోజూ దీపం ముంగట చెప్పుకున్న, తప్పు నాది, పిల్లది గాదు అని."

నేను ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. ఏడ్చాక ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. ఇన్నాళ్లూ ఎవరికి వారు దాచుకున్నది ఇప్పుడు బయట పడింది. ఇక ఆమె తెలియనట్టు తినడం కుదరదు. నేను చూసినట్టు చెప్పలేను. నా నిజం ఆ రోజు ఇద్దరినీ పస్తు పెట్టింది. "తిను" అని ఆమె, "తినను" అని నేను. మా ఆయన మగ్గం ఆపి వచ్చి ఇద్దరినీ చూశాడు.

"మంచిగున్నది. ఒకామె దేవుని కోసం తినదు, ఒకామె అత్త కోసం తినదు. నేనొక్కన్నే రాక్షసున్ని, రెండుపూటల మింగుతున్న" అన్నాడు. మాట ఎగతాళిగానే ఉంది, కానీ ఆ పూట అతనూ తినలేదు.

సోమవారం బావి దగ్గర కావలి తాతకు చెప్పాను. "నిజం చెప్పి తప్పు చేసిన తాతా" అన్నాను. ఆయన వడిసెలలో రాయి పెట్టి పిట్టల మీదికి విసిరాడు, అంతే. నాకు కొంచెం మనసు చిన్నబోయింది.

ఆరో శనివారం, పొద్దు బాగా ఎక్కాక, మా వాకిటి బయట ఎవరో దగ్గారు. చూస్తే ఆయన. మోకాళ్ల దాకా దుమ్ము, తుమ్మముల్లు గీరిన కాళ్లు. భార్యను మంచె ఎక్కించి, కోడికూతకు ముందే బయలుదేరి, రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ల దూరంలో ఇంకా నీళ్లున్న పెద్ద చెరువు దాకా నడిచి వెళ్లి వచ్చాడు.

"అమ్మా, చూసొచ్చిన" అన్నాడు బయటి నుంచే.

"ఎవలది?" అంది అత్తమ్మ.

"జొన్న కావలోన్ని. పెద్ద చెరువు కాడ రెండున్నయ్. నీ పేర మొక్కి వచ్చిన."

"నువ్వు చూస్తే నేను చూసినట్టెట్లయితదయ్యా?"

"నీ కోడలు చూస్తే నువ్వు చూసినట్టు అయితలేదా? ఆమె కంటె నా కండ్లు మంచియి. ఆమెకు నేర్పింది నేనే గద."

అత్తమ్మ లేచి గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. ఆమె పరీక్ష పెట్టినట్టే అడిగింది.

"తల ఏ రంగు?"

"తెలుపు. మెడ, రొమ్ము సుత తెలుపే."

"పొట్ట?"

"ఇటుక రంగు."

"తోక చీలి ఉన్నదా?"

"లేదమ్మా, గుండ్రం. రెక్క కొసలు నలుపు. ఒకటి నీళ్ల మీదికెళ్లి చేపను కాళ్లతోని ఎత్తుకొని, చెట్టు మీదికి పోకుంట ఎగురుకుంటనే తిన్నది."

"కూసిందా?"

ఆయన గొంతు సవరించుకుని, నోటి దగ్గర అరచేయి పెట్టుకుని కూశాడు. సన్నగా, సాగదీసి, పసిపిల్ల ఏడ్చినట్టు. మా వీధిలో ఆ కూత వినపడి ఎన్ని వారాలైందో. అత్తమ్మ తల దానంతట అదే పైకి లేచింది. గుమ్మం దాటి, ఆయన ముందు నిలబడి, రెండు చేతులూ జోడించింది.

ఆయన రెండడుగులు వెనక్కి గెంతాడు. "అమ్మా, నాకు దండమేంది! వద్దు, నీ కాళ్లు మొక్కుత!"

"నీకు గాదయ్యా. గరుడను చూసొచ్చిన కండ్లకు."

ఎదురింటి వదినె గడపలోంచి అంతా చూస్తోంది. "మంచిగున్నదమ్మా! ఇగ పిట్టల కావలోనికి సుత దండాలు పెట్టాల్నా?" అంది.

అత్తమ్మ అటు తిరగకుండానే జవాబు చెప్పింది. "నువ్వు పాముల గద్దకు పెట్టలేదా?"

వీధంతా గొల్లున నవ్వింది. వదినె కూడా నవ్వుకుంటూ లోపలికి పోయింది. అత్తమ్మ నా వైపు తిరిగి, "పెట్టు బిడ్డా. ముగ్గురికి పెట్టు" అన్నది. ఆయన అరుగు ఎక్కనన్నాడు. "నువ్వు కూచోకుంటే నేను తిన, నేను తినకుంటే అది తినది. ఇగ నీ ఇష్టం" అన్నది. ఆయన అరుగు అంచున కూర్చున్నాడు. మా వీధిలో అరుగు మీద ఆయన వంటివారిని కూర్చోబెట్టి అన్నం పెట్టడం అదే మొదలు. ఆ సంగతి కొందరు తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు. చెప్పుకోనీ అని అత్తమ్మ వదిలేసింది.

ఆ తర్వాత ఒక్క శనివారం కూడా తప్పలేదు. జొన్న కోత అయిపోయి, కావలి పని లేకపోయినా వచ్చేవాడు. గరుడ కనిపించకపోతే కనిపించేదాకా ఆ గట్టునే కూర్చునేవాడట. ఒకసారి మధ్యాహ్నం దాటింది. "లేటయింది బిడ్డా, మహరాజు ఇయ్యాల నిద్ర లేవలే" అన్నాడు. ఒక్కసారైనా చూడకుండా చూశానని చెప్పి ఉంటాడా అని నాకు ఎన్నడూ అనుమానం రాలేదు. మా ఆయన నేసిన ఒక ముతక దుప్పటి ఆయనకు ఇచ్చాం. అది తీసుకోవడానికే నాలుగు వారాలు బతిమాలించుకున్నాడు.

వైశాఖంలో నాకు ఆడపిల్ల పుట్టింది. మనుమడు అనుకున్న అత్తమ్మ మనుమరాలిని ఎత్తుకుని, పురుడు వెళ్లగానే వాకిట్లోకి తెచ్చి ఆయనకు చూపింది. "నీ నడకతోని పెరిగిన పిల్ల" అంది. ఆయన ముట్టుకోలేదు. వంగి, పాప ముఖం దగ్గర ముఖం పెట్టి, గరుడ కూత సన్నగా కూశాడు. పాప అటు తిరిగింది. "చెవులు నాయనమ్మయే" అన్నాడు.

ఆ నెలలోనే కావలి తాత వాళ్లు ఊరు విడిచారు. పని దొరుకుతుందని ఎవరో చెబితే ఇంటిల్లిపాదీ ఆలేరు దాకా నడిచి రైలెక్కారని విన్నాం. ఎక్కడ దిగారో తెలియదు. ఆ ఏడు మృగశిరకు వానలు పడి చెరువు నిండింది, గరుడ తిరిగి వచ్చింది. మొదటి కూత వినగానే అత్తమ్మ చేతులు జోడించింది. వెంటనే, "కావలాయనకు ఎవలన్న కబురు పెట్టున్రి, ఇగ నడిచే పని లేదని" అన్నది. కబురు పెట్టడానికి మాకు చిరునామా లేదు. చాలా ఏళ్లు ఆలేరు నుంచి వచ్చిన ప్రతివాణ్నీ అడిగింది. నేనూ అడిగాను.

దేవుడు నాకు చాలా ఇచ్చాడు. అక్షరాలు ఇచ్చిన బాపును, తన నియమం కంటే నా ఆకలి పెద్దదనుకున్న అత్తను ఇచ్చాడు. వాళ్లకు నేను చేతనైనంత సేవ చేసుకున్నాను. ఆయనకు మాత్రం ఏమీ చేయలేకపోయాను. ఆయన ఎక్కడ కన్నుమూశాడో, ఎవరైనా దీపం పెట్టారో లేదో తెలియదు. అందుకే మీ అందరినీ ఒకటి అడుగుతున్నాను. తెల్లటి తల, ఇటుక రంగు రెక్కల పక్షి మీ మీదుగా పోయి, మీరు చేతులు జోడిస్తే, ఆ దండంలో కొంచెం ఆ జొన్న కావలి తాతకు ఇవ్వండి. నా బిడ్డ కోసం శనివారం శనివారం రెండు కోసులు నడిచి, నిజంగా చూసి వచ్చిన మనిషిగా ఆయన్ను గుర్తు పెట్టుకోండి.